ఒడ్డునే ఉండిపోయిన ముందు పడవ

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటువాళ్ళు నన్ను చేపలాయన అంటారు. అందులో వెక్కిరింత లేదు. కోస్తా నుంచి వచ్చి ఉద్యోగాలతో ఇక్కడే స్థిరపడిన ఇళ్ళు మా బ్లాకుల్లో చాలా ఉన్నాయి. ఆదివారానికి వాళ్ళందరికీ సముద్రపు చేప తెప్పించి పెట్టేది నేనే. శనివారం సాయంత్రం ఊళ్ళో మా బావ థర్మాకోల్ పెట్టెలో ఐసు పరిచి, చేపలు పేర్చి, బస్సెక్కిస్తాడు. ఆదివారం పొద్దున నేను మియాపూర్ వెళ్ళి దించుకుంటాను. సెల్లార్లో లిఫ్టు పక్కన జనం గిన్నెలు పట్టుకుని నిలబడి ఉంటారు. నేను పెట్టె మూత తీస్తాను. ఆ మూత తీసే క్షణం నాకు చాలా ఇష్టం. ఆఫీసులో ఇన్నేళ్ళుగా చేసిన పని ఏదీ నన్ను అంత పెద్దమనిషిని చెయ్యలేదు.

మా ఊరు కాకినాడకి ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న ఒక పల్లె. మా తాత, ఆయన తండ్రి వేటకెళ్ళి బతికినవాళ్ళు. మా నాన్న ఒక్కడే చదువుకుని బడిపంతులయ్యాడు. నేను ఇంకా దూరం వచ్చి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక గాజు భవనంలో కూర్చున్నాను. అమ్మ తరఫువాళ్ళు మాత్రం సముద్రాన్ని వదల్లేదు. మేనమామ పడవకి ఆయన కొడుకు ఇప్పుడు సరంగు, అంటే పడవ నడిపేవాడు. మేమిద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం. నాకు ఈత నేర్పింది వాడే. నేర్పాడంటే, అలలోకి తోసి ఒడ్డున నిలబడి నవ్వాడు.

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా మా తీరంలో ఇంజను పడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ప్రభుత్వం చెప్పిన దానికి పైన మా ఊరికి సొంత కట్టుబాటు ఒకటుంది. నిషేధం ముగిశాక ఎవరికి వాళ్ళు వెళ్ళిపోరు. గంగమ్మకి పూజ చేసి, పడవలన్నీ కలిసి ఒకేసారి సముద్రంలోకి దిగుతాయి. ముందు ఒక పడవ వెళుతుంది. అందులో పసుపు నీళ్ళ కడవ ఉంటుంది. ఆ కడవ నీళ్ళు సముద్రంలో పోశాకే మిగతావాళ్ళు వల విప్పుతారు. ఆ ముందు పడవ మా మేనమామ వాళ్ళది. మా తాతల కాలం నుంచీ అదే ఇల్లు. కట్టుబాటు తప్పి సముద్రంలోకి వెళ్ళినవాడి పడవ ఆ రోజు ఒడ్డునే ఉండాలి. కడవ ఒకసారి వేరే ఇంటికి వెళితే మళ్ళీ వెనక్కి రాదు.

కడవ ఆచారం పాతదే. నిషేధం రోజుల్లో వేటకి పోకూడదన్న కట్టుబాటు ఊరు పెట్టుకున్నప్పుడు పెద్దల మధ్య కూర్చుని దాని తరఫున మాట్లాడింది మా నాన్న. తుఫాను షెల్టరు అరుగు మీద పెద్దలంతా చాపల మీద కూర్చునేవారు. పంతులుగారని ఆయనకొక్కడికే, బతికున్నన్నాళ్ళూ కుర్చీ వేసేవారు. "ఇవి చేపలకి పురిటి నెలలు. పురుడొచ్చిన ఇంటి ముందు డప్పు కొడతామా?" అన్నాడట ఆయన. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన మాట. దీన్ని నేను ఆఫీసులో వాడుకున్నాను.

జూన్ మొదటివారంలో పర్యావరణ దినం వస్తుంది. కిందటేడు మా కంపెనీలో ఒక సభ పెట్టి, సముద్రం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. నేను కష్టపడి తయారయ్యాను. తెరమీద పగడపు దిబ్బల బొమ్మలు, అడుగంతా గీరుకుపోయే పెద్ద వలల బొమ్మలు చూపించాను. ఏ చేప ఏ కాలంలో తినకూడదో చెప్పాను. పెద్ద చేపల వెంటే పడకుండా కవళ్ళు, నెత్తళ్ళ లాంటి చిన్న చేపలు తింటే సముద్రానికి భారం తగ్గుతుందన్నాను. చివర్లో మా ఊరి కట్టుబాటు చెప్పి, నాన్న మాట చెప్పాను. గొంతు కాస్త జీరబోయింది కూడా. అది నటన కాదు. అదే ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెడుతుంది. నిజంగానే కదిలిపోయాను.

అందరూ చప్పట్లు కొట్టారు. మా డైరెక్టరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆయనది వరంగల్ వైపు.

"మస్తు చెప్పినవ్ తమ్మీ. నీ చేపల సంగతి మా ఫ్లోరంత చెప్పుకుంటరు గాని, నాకైతే ఒక్కసారి పెట్టలే. ఈ ఆదివారం మా ఆమెను తీసుకొని వస్త. నీ సముద్రం చేప తినిపించు."

"తప్పకుండా సార్" అన్నాను.

అంతకు ముందు నిమిషం దాకా మాట్లాడింది నేనే. ఆ ఆదివారం నిషేధం లోపలే ఉందని ఆ హాల్లో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. తట్టినా నోరు తెరవలేదు. ఐసు చేప, అంటే కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టించి నెలలు దాచింది, పెట్టొచ్చు. పడమటి తీరంలో మే నెల దాకా పట్టి దాచిన చేప ఇక్కడ మార్కెట్లో దొరుకుతుంది. చెరువు చేప ఎలాగూ ఉంది. కానీ హైదరాబాదులో కోస్తావాడి ఇంటికొచ్చిన అతిథికి చెరువు చేప పెట్టడమంటే మాలో ఒక తలవంపు. నేను చేపలాయన్ని. అదీ నా గోల.

సాయంత్రం బావకి ఫోను చేశాను.

"బావా, ఆదివారానికి ఒక మంచి కోనాం కావాలి." వంజరాన్ని మా వైపు కోనాం అంటారు.

అవతల నవ్వు. "మీ హైదరాబాదులో క్యాలెండర్లు అమ్మరా? ఇంకా వేట తెరవలేదు."

"తెలుసులే. ఒక్కటే కదా."

"ఒక్కటైనా సముద్రంలోకెళ్ళే పట్టాలి. మా డాబా మీద కాయదు."

"తెప్పకి అడ్డులేదుగా?"

"లేదు. కానీ తెప్ప మీద ఎంత దూరం పోతాం? కవళ్ళు పడతాయి, నెత్తళ్ళు పడతాయి. బుట్టెడు పంపనా?"

"మా డైరెక్టరుకి కవళ్ళు పెట్టమంటావా?"

"ఏం, ఆయనగారి నోరు పట్టుబట్టతో కుట్టారా? ముళ్ళు గుచ్చుకుంటాయా?"

పొద్దున తెరమీద కవళ్ళ బొమ్మ పెట్టి పొగిడినవాణ్ణి నేను. నాకు నవ్వు రాలేదు. నేనన్న మాట ఇది: "మావయ్య సరంగుగా ఉన్నప్పుడైతే కాదనేవాడు కాదు. నీవల్ల కాదులే బావా. ఇక్కడే ఐసు చేప కొనుక్కుంటాను."

అది అబద్ధం. ఊళ్ళో మావయ్యంత నిక్కచ్చి మనిషి లేడు. నిషేధం రోజుల్లో ఇంజను విప్పి ఇంట్లో పెట్టి దుప్పటి కప్పేవాడు. అది బావకీ తెలుసు. అయినా తండ్రితో పోల్చి చిన్నబుచ్చితే వాడు తట్టుకోలేడని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసే అన్నాను.

 "నేనుండగా మీ ఇంట్లో ఐసు చేప తింటారా ఏంటి? చూస్తాలే" అన్నాడు.

ఆదివారం పెట్టె వచ్చింది. దాన్ని సెల్లార్లో తెరవలేదు. లిఫ్టులో పైకి తీసుకుపోతుంటే మా పై అంతస్తులో ఉండే నర్సమ్మ చర్చికి బయల్దేరుతూ ఎదురొచ్చింది. ఆమెది సిద్దిపేట. మా చేపల వాట్సాప్ గుంపులో తెలంగాణావాళ్ళు కొద్దిమందే, అందులో ఆమె చేపలకి మొదటి గిరాకీ.

"ఏందన్నా, గిన్ని దినాల సంది పెట్టె వస్తలేదు, సముద్రం ఎండిందా అనుకున్న. వచ్చిందా ఇగ?"

"ఇది చేపలు కాదమ్మా. మామిడిపళ్ళు."

పెట్టె అడుగునుంచి ఐసు నీళ్ళు చుక్కలు చుక్కలుగా ఆమె చెప్పుల పక్కన పడుతున్నాయి. ఆమె ఒకసారి చూసి, "మంచిగ తినున్రి" అని వెళ్ళిపోయింది.

వంటింట్లో మా ఆవిడ చేప కడుపు కోసింది. రెండు వైపులా నిండా గుడ్లు. మా వైపు జన అంటాం. పెద్ద చేప, పెద్ద జన. ఆమె కత్తి పక్కన పెట్టింది.

"ఏవండీ, ఇది ఎక్కడిది?"

"ఐసులో దాచి పెట్టిందట."

"మొప్పలు చూడండి, ఎంత ఎర్రగా ఉన్నాయో. నేను రాజమండ్రి దాన్నే. నాకు చెప్తారా?"

"వాళ్ళు బయల్దేరారట. వండుతావా, లేదా?"

"వండుతాను. తినను."

నిజంగానే తినలేదు. తలనొప్పి అని చెప్పి అందరికీ వడ్డించి లోపలికెళ్ళింది. డైరెక్టరు, ఆయన భార్య వేళ్ళు నాకారు. జన వేపుడు ముందు పెడితే ఆయన, "ఇదేంది తమ్మీ, గింత రుచి! జర ఇటు జరుపు" అని పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. ఎక్కడిదని గాని, ఎలా వచ్చిందని గాని అడగలేదు. అడుగుతాడేమోనని ఒక జవాబు సిద్ధం చేసుకున్నాను, అది అక్కర్లేకపోయింది. నేనూ తిన్నాను. మారు వడ్డించుకుని తిన్నాను. చాలా బాగుంది. ఆ రుచి ఇంకా గుర్తుంది, ఆ సంగతి కూడా రాయాలి.

మర్నాడు ఆఫీసులో ఉండగా బావ ఫోను.

"బావా, ఈసారి మా పడవకి రెస్టు" అని నవ్వాడు. ఆ నవ్వు మామూలు నవ్వు కాదు.

వాడు శనివారం తెల్లవారుజామున బయల్దేరాడట. వేట లేని రోజుల్లో ఆ సముద్రంలో ఇంజను చప్పుడు ఎంత దూరమైనా వినిపిస్తుంది. తిరిగి వచ్చేసరికి ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. పడవ లాగడానికి మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యలేదు. సాయంత్రం పెద్దలు పిలిచి, ఎవరికోసం వెళ్ళావని అడిగారు. "నా సరదాకే వెళ్ళాను" అన్నాడట.

"నా పేరు చెప్పకపోయావా?"

"నీ పేరు నేను చెప్తే ఏం బావుంటుంది? నువ్వొచ్చి చెప్తే వేరు. ఆదివారం మళ్ళీ కూర్చుంటారు, కడవ ఎవరికివ్వాలో ఆ రోజు తేలుస్తారు. నువ్వు పంతులుగారబ్బాయివి. నీ మాటకి మెత్తబడతారు. మా నాన్న అన్నం మానేశాడు బావా. ఒక్కసారి రా."

"వస్తాను. తప్పకుండా వస్తాను" అన్నాను.

రైలు టిక్కెట్టు కొన్నాను. వారమంతా ఏం చెప్పాలో లోపల కూర్చుకుంటూనే ఉన్నాను. శుక్రవారం కంపెనీ వాళ్ళ లోపలి పత్రికలో నా ప్రసంగం ఫోటోతో సహా వచ్చింది. కింద నాన్న మాట పెద్ద అక్షరాల్లో వేశారు. దాన్ని చూసినప్పుడు నాకు తుఫాను షెల్టరు అరుగు కనిపించింది. అక్కడ నిలబడి, నాన్నని ఎరిగున్న ముసలివాళ్ళ ముందు, ఆ కట్టుబాటు నా విందు కోసం తప్పించానని చెప్పాలి. శనివారం మధ్యాహ్నం బావకి ఫోను చేసి, ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు ఉంది, కదలడానికి వీల్లేదన్నాను.

రిలీజు ఉన్నమాట నిజమే. కానీ అది లాప్‌టాప్ ఉంటే ఎక్కడినుంచైనా చేసే పని. రైల్లో కూర్చుని కూడా చేశాను ఎన్నోసార్లు.

"అలాగే" అన్నాడు వాడు. "నా పేరు నువ్వే చెప్పేయ్ బావా, నేనేమీ అనుకోను" అన్నాను. వాడు ఫోను పెట్టేశాడు. ఆదివారం రోజంతా ఫోను సైలెంట్‌లో పెట్టి ఖాజాగూడ చెరువు గట్టు మీద నడిచాను. రిలీజు మా టీమువాళ్ళే చేసుకున్నారు.

వేట తెరిచే రోజుకి మాత్రం వెళ్ళాను. అప్పటికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు గనకే వెళ్ళగలిగాననుకుంటాను. నేను ఒడ్డుకి చేరేసరికి పొద్దెక్కుతోంది. పడవలన్నిటికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టారు. గంగమ్మ పూజ అయిపోయింది. పసుపు నీళ్ళ కడవ వేరే పడవలో ఉంది. మా మావయ్య పడవ వెనకగా, ఇసక మీద, ఇంజను విప్పేసి ఉంది. దానికి కూడా ఎవరో పసుపు రాశారు. ఆ నీడలో మావయ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఎప్పుడొచ్చావు? టిఫిను చేశావా?" అన్నాడు. 

బావ నడుముకి తువ్వాలు బిగించి వేరేవాళ్ళ పడవలకి భుజం వేసి తోస్తున్నాడు. ముందుగా తోసింది కడవ ఉన్న పడవనే. నేనూ ప్యాంటు మడిచి వెళ్ళి ఒక పడవకి భుజం ఆనించాను.

"నువ్వెందుకు బాబూ, బట్టలు పాడవుతాయి" అన్నారు ఎవరో. మర్యాదగానే అన్నారు.

కడవ నీళ్ళు పోశారు. పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి అలలు దాటిపోయాయి. ఇంజన్ల చప్పుడు తగ్గిపోయాక ఒడ్డున ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, మేము మిగిలాం. పెద్దల్లో అందరికన్నా పెద్దాయన చేతికర్ర మీద ఆనుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. నేను ఆయన దగ్గరికెళ్ళాను.

"తాతా, ఆ రోజు బావ వెళ్ళింది నా కోసం. నేనే రెచ్చగొట్టి పంపించాను."

ఆయన నా వైపు తిరగలేదు. "తెలుసు బాబూ. పెట్టె హైదరాబాదు బస్సెక్కినప్పుడే తెలుసు. వాడి సరదా ఎప్పుడైనా బస్సెక్కిందా?"

ఆయన కర్ర రెండో చేతికి మార్చుకున్నాడు.

"నువ్వొస్తావని మీ బావ చెప్పాడు. వస్తే చూద్దాంలే అనుకున్నాం. మీ నాన్నకి వేసే కుర్చీ వేశాం. పొద్దున్నించి పొద్దుగూకే దాకా ఉంచాం. ఆ తరవాత ఎవరో లోపల పెట్టేశారు."

అంతే అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఒకరోజు వర్షం రాలేదని చెప్పినట్టు చెప్పాడు.

అంటే ఆ ఆదివారం దాకా కడవ ఎటూ పోలేదు. నేను రైలు దిగి, ఆ కుర్చీలో కూర్చోకుండా పక్కన నిలబడి, నాలుగు మాటలు చెబితే సరిపోయేది. నేను చెరువు గట్టు మీద నడుస్తున్న గంటల్లోనే అది వాళ్ళ ఇంటినుంచి వెళ్ళిపోయింది. బావ తప్పు కోనాం దగ్గర మొదలైంది, నా తప్పు కూడా అక్కడే అనుకుంటూ వచ్చాను. కాదు. చేప తినడం ఒక తప్పు. తిన్నాక రాకపోవడం దానికంటే పెద్దది.

మధ్యాహ్నం అత్తయ్య అన్నం పెట్టింది. కవళ్ళ పులుసు. బావ రెండు రోజుల కిందట తెప్ప మీద వెళ్ళి తెచ్చినవి. మావయ్య, బావ, నేను వరసగా కూర్చున్నాం. మావయ్య ముద్ద నోట్లో పెట్టుకోవడం చూసి అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. నేను తల వంచుకుని కలుపుకుంటున్నాను.

"ముళ్ళు జాగ్రత్త బావా" అన్నాడు వాడు. "మీ డైరెక్టరు నోరు కాదుగా నీది. అలవాటు తప్పింది."

మావయ్య కూడా నవ్వాడు. నేను ముళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను.

హైదరాబాదు తిరిగొచ్చాక చేపల గుంపులో రాశాను, నిషేధం నెలల్లో పెట్టె రాదు, కడుపుతో ఉన్న చేప ఏ నెలలోనూ అడగొద్దు, ఏది పడితే అది తీసుకోవాలి అని. కొందరు గుంపులోంచి తప్పుకున్నారు. నర్సమ్మ మాత్రం, "గట్లనే కానీ అన్నా. మామిడిపళ్ళు గూడ వద్దా మరి?" అని రాసింది. ఆమెకి ఆ రోజే తెలుసు. క్షమించమని రాశాను. ఆమె నవ్వు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది.

ఈ ఏడు వేట తెరిచిన రోజు బావ ఫోనులో ఒక వీడియో పంపాడు. వాళ్ళ పడవ సముద్రంలోకి దిగింది. ముందు కాదు, వరసలో ఎక్కడో మధ్యన. మావయ్య ఒడ్డున నిలబడి చూస్తున్నాడు. చాలాసేపు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఏ పడవని చూస్తున్నాడో వీడియోలో తెలియదు.

దానికి కొద్దిరోజుల ముందే ఆఫీసులో మళ్ళీ అడిగారు, ఈసారి కూడా సముద్రం గురించి మాట్లాడమని. రిలీజు ఉందన్నాను. నోటినుంచి ఆ మాటే వచ్చింది, అదే మాట. సరేనన్నారు. డైరెక్టరు మాత్రం దారిలో ఆపి, "ఏంది తమ్మీ, పోయినసారి గంత మంచిగ చెప్పినవ్ కద!" అన్నాడు. నవ్వి తప్పించుకున్నాను.

వీడియో చూసిన మర్నాడు ఆయన గదికి వెళ్ళాను. ఆయన మా ఇంట్లో తిన్న చేప ఎక్కడిదో, దాని వెనక ఏం పోయిందో ఆయనకి చెప్పాలి. ఆయన తప్పేమీ లేదు. కానీ పోయినేడు ఆ హాల్లో నా మాట నమ్మి చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆయనే ముందు. ఏమంటాడో తెలియదు. నన్ను చూసే చూపు మారుతుందని మాత్రం తెలుసు. గాజు తలుపు బయట నిలబడి, ఈ పూట వద్దులే, రేపు చూద్దామని ఒకసారి వెనక్కి తిరిగాను కూడా.

ఆయన లోపలినుంచి చూసి చెయ్యి ఊపాడు. తలుపు తీసుకుని వెళ్ళాను.

"ఏంది, గట్ల నిలబడ్డవ్? కూర్చో" అని ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

ఆ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాను.